మీకు తెలుసా? పిట్ట పేరుతో పుట్టిన ఓ జపాన్ పత్రిక ముచ్చట్లు

హైకూ అన్న మాట తెలుగులో ఇవాళ కొత్తదేమీ కాదు. ఇస్మాయిల్ గారు రాశారు, ఆయన తర్వాత ఎందరో రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. ఆ మాటకు ఈనాటి అర్థాన్ని స్థిరపరిచినవాడు మసఓకా షికి అనే జపాన్ కవి. గొలుసు పద్యంలో తొలి పద్యంగా ఉండే మూడు పాదాల ముక్కను విడదీసి, అదే ఒక పూర్తి కవిత అని నిలబెట్టింది ఆయనే. ఆయన చుట్టూ అల్లుకున్న పత్రిక పేరు హొతొతొగిసు. 1897లో మొదలైంది, ఇంకా వస్తోంది. దాని కథ చదివిన ప్రతిసారీ నాకు ఒక మంచం, ఆ మంచం చుట్టూ కూర్చున్న స్నేహితులు కనిపిస్తారు. ఆ కథలోంచి నాకు మరపురాని సంగతులు కొన్ని ఇక్కడ చెబుతాను.

◆ హొతొతొగిసు అంటే కోకిల జాతికి చెందిన ఒక చిన్న పిట్ట. మన కోయిల కాదు, దానికి చుట్టం. ఈ పిట్ట నోరు తెరిస్తే లోపలంతా ఎర్రగా ఉంటుంది. అందుకే గొంతులోంచి రక్తం పడేదాకా కూస్తుందని జపాన్‌లో పాతకాలం నుంచీ ఒక నమ్మకం. 1889 మే నెలలో, 21 ఏళ్ల విద్యార్థి ఒకడు దగ్గితే రక్తం పడింది. క్షయ. మందు లేని రోజులవి. ఆ కుర్రవాడు వెంటనే ఈ పిట్ట మీద పద్యాలు కట్టి, దాని పేరునే కలం పేరుగా పెట్టుకున్నాడు. ఈ పిట్ట పేరును చైనా లిపిలో రకరకాలుగా రాస్తారు, వాటిలో ఒకదాన్ని ‘షికి’ అని కూడా చదవొచ్చు. అంటే కవి పేరూ పత్రిక పేరూ ఒకే పిట్టవి. పత్రిక పేరు పలికినప్పుడల్లా ఆయన జబ్బును కూడా పలుకుతున్నట్టే.

◆ జపాన్ సాహిత్యాన్ని మలుపు తిప్పిన ఈ పత్రిక టోక్యోలో పుట్టలేదు. షికొకు దీవిలోని మత్సుయామా అనే ఊళ్లో పుట్టింది. అది షికి సొంతూరు. 1895లో చైనాతో యుద్ధం జరుగుతున్నప్పుడు విలేఖరిగా వెళ్లిన షికి, తిరుగు ప్రయాణంలో ఓడ మీదే రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రి నుంచి బయటపడ్డాక సొంతూరు చేరి, అక్కడి బడిలో ఇంగ్లిషు పాఠాలు చెబుతున్న తన స్నేహితుడి అద్దె ఇంట్లో దిగాడు. పై అంతస్తులో స్నేహితుడు, కింద షికి. 52 రోజులున్నాడు. ఊళ్లో హైకూ పిచ్చి ఉన్నవాళ్లంతా రోజూ కింది గదికి చేరేవారు. పైన చదువుకుంటున్న మాస్టారికి ఆ గోలలో చదువు సాగక, చివరికి తనూ కిందికి దిగి వాళ్లతో కలిసి హైకూలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ మాస్టారి పేరు నత్సుమే సోసెకి. ఆధునిక జపాన్ నవలకు పెద్ద దిక్కు అనదగ్గవాడు. అప్పటికి ఒక్క కథ కూడా రాయలేదు.

ఆ గదిలోకి వచ్చిపోయిన వాళ్లలో యనగిహారా క్యొకుదో అనే స్థానిక పత్రికా ఉద్యోగి ఒకడు. 1897 జనవరిలో అతనే ‘హొతొతొగిసు’ తొలి సంచిక వేశాడు. అచ్చయినవి 300 ప్రతులు. టోక్యోలో మంచాన ఉన్న షికి అక్కడి నుంచి రచనలు పంపేవాడు, ఎంపికలు చేసేవాడు. అలా 20 సంచికలు మత్సుయామాలోనే వచ్చాయి.

◆ ‘నా తర్వాత నువ్వే’ అంటే ‘నాకొద్దు’ అన్నవాడే ఆ తర్వాత ఈ పత్రికను యాభై ఏళ్లకు పైగా మోశాడు. అతను తకహామా క్యోషి. మత్సుయామా వాడే, షికి కంటే ఆరేళ్లు చిన్న. 1895 డిసెంబరులో షికి అతన్ని టోక్యోలోని దోకన్ గుట్ట మీద ఒక టీ దుకాణానికి తీసుకెళ్లి, తన సాహిత్య వారసుడిగా ఉండమని, అందుకు బాగా చదువుకోమని అడిగాడు. క్యోషి ఒప్పుకోలేదు. చదువు తన వల్ల కాదన్నాడు. షికి మనసు విరిగింది. చావు ముంచుకొస్తుందని తెలిసిన మనిషి చేతులు చాచి అడిగితే కాదనడం తేలిక కాదు, కానీ చేయలేనిది చేస్తానని మాటివ్వకపోవడంలో నాకు నిజాయితీ కనిపిస్తుంది. మూడేళ్లు తిరిగేసరికి, 1898 అక్టోబరులో, హొతొతొగిసును టోక్యోకు తెచ్చి తన చేతి మీదుగా నడపడం మొదలుపెట్టింది ఆ క్యోషినే. హైకూతో పాటు వచనం, విమర్శ, బొమ్మలు కూడా చేర్చి పత్రిక పరిధిని పెంచాడు. 1901లో పేరు రాసే లిపిని కూడా మార్చాడు.

◆ షికి ఉన్న ఇల్లు టోక్యోలో నెగిషి అనే పేటలో ఉండేది. క్షయ వెన్నెముకకు పాకింది. నడవలేడు, కూర్చోలేడు, పక్కకు తిరగాలన్నా నొప్పి. తల్లి యాయె, చెల్లెలు రిత్సు కంటికి రెప్పలా చూసుకునేవారు. ఎడమ మోకాలు ముడుచుకుపోయి చాపడానికి రాకపోతే, ఆ మోకాలు పట్టేలా పలక మధ్యలో చతురస్రంగా కోసిన రాతబల్ల ఒకటి చేయించుకున్నాడు. పడక గదికి ఉన్న కాగితపు తలుపు మూస్తే పెరడు కనపడదు, తీస్తే చలి. 1899 చివర్లో క్యోషి పూనుకుని ఆ తలుపుకు గాజు పలకలు బిగించే ఏర్పాటు చేశాడు. అప్పట్లో మామూలు ఇళ్లలో గాజు తలుపులు అరుదు. అంతే, శీతాకాలంలో కూడా పడుకునే పెరడు చూసే వీలు కలిగింది. ఆ నాలుగు అడుగుల పెరడు, అందులోని పూలు, పాదులు, వచ్చిపోయే పిట్టలు ఎన్నెన్ని పద్యాలై, ఎన్నెన్ని వ్యాసాలై పత్రికలో అచ్చయ్యాయో!

◆ ఈ పత్రిక రాతకు మూలం చిత్రలేఖనంలో ఉంది. నకామురా ఫుసెత్సు అనే చిత్రకారుడు షికికి స్నేహితుడు. పడమటి దేశాల పద్ధతిలో, కంటి ముందున్న వస్తువును చూసి బొమ్మ గీయడం ఎలాగో షికి అతని దగ్గర తెలుసుకున్నాడు. ఆ పద్ధతికి జపాన్ చిత్రకారులు ‘షసెయి’ అనేవారు. చూసింది చూసినట్టు దించడం అని అర్థం. అదే పని మాటలతో ఎందుకు చేయకూడదు? షికి ప్రశ్న అది. వందల ఏళ్లుగా అరిగిపోయిన పోలికలను పక్కన పెట్టి, కళ్లు పెట్టి చూడండి అన్నాడు. మంచం మీద నుంచి కదలలేని మనిషి ఈ మాట అనడం వల్లే దానికి అంత బలం వచ్చిందని నేను అనుకుంటాను. అతనికి చూడడం తప్ప వేరే పని మిగల్లేదు.

హైకూలోనే కాదు, వచనంలోనూ ఇదే పట్టు. స్నేహితులంతా షికి మంచం చుట్టూ చేరి, తాము రాసిన వచనాన్ని పైకి చదివి వినిపించేవారు. ఆ కూటమికి ‘యమకాయి’ అని పేరు. యమ అంటే కొండ. ఎంత ఉన్నది ఉన్నట్టు రాసినా రచనలో ఎక్కడో ఒక కొండ లేవాలి, లేకపోతే చప్పగా ఉంటుందని షికి అనేవాడు. ఆ మాటే కూటమికి పేరైంది. షికి పోయాక కూడా ఆ కూటములు సాగాయి.

◆ పాఠకులను డైరీలు రాసి పంపమని అడిగిందీ పత్రిక. 1900 నుంచి ఇలా పిలుపు ఇచ్చి, వచ్చినవాటిలో బాగున్నవి అచ్చు వేశారు. పెద్ద రచయితల డైరీలు కావు, మామూలు ఉద్యోగాలు, పనులు చేసుకునేవాళ్లవి. ఆ రోజు ఏం తిన్నారు, ఎవరొచ్చారు, వాన పడిందా లేదా, ఇలాంటివే. వందేళ్లు దాటాక చూస్తే, చరిత్ర పుస్తకాలు చెప్పని జపాన్ వాటిలో కనిపిస్తుంది.

◆ లండన్ నుంచి వచ్చిన ఉత్తరాలు కూడా ఇందులో అచ్చయ్యాయి. 1900లో జపాన్ ప్రభుత్వం సోసెకిని ఇంగ్లిషు చదువు కోసం లండన్ పంపింది. డబ్బు చాలదు, మనుషులు పట్టరు, గదిలోంచి బయటికి రాడు. 1901 ఏప్రిల్‌లో తన అద్దె గది గురించి, ఇంటి యజమానురాళ్ల గురించి, వీధుల గురించి షికికి పెద్ద పెద్ద ఉత్తరాలు రాశాడు. ఎన్నడూ పడమటి దేశాలు చూడలేని షికి వాటిని చదివి సంబరపడిపోయి, ‘లండన్ కబుర్లు’ అనదగ్గ పేరు పెట్టి మే, జూన్ సంచికల్లో వేశాడు.

ఆ ఏడాది నవంబరు 6న షికి ఒక ఉత్తరం రాశాడు. ఇక తన పని అయిపోయిందని, మళ్లీ బతికుండగా కలుసుకుంటామన్న ఆశ లేదని, వీలైతే ఆనాటి లాంటి ఉత్తరం ఇంకొకటి రాయమని అందులో అడిగాడు. సోసెకి అప్పుడు తన చదువుతో, తన మనోవ్యాకులంతో సతమతమవుతున్నాడు. స్నేహితుడు కోరిన ఉత్తరం కోరినట్టు రాయలేకపోయాడు. 1902 సెప్టెంబరులో షికి పోయాడు. ఆ కబురు క్యోషి రాసిన ఉత్తరంలో లండన్ చేరేసరికి నవంబరయింది. నాలుగేళ్ల తర్వాత, తన నవల రెండో సంపుటానికి ముందుమాట రాస్తూ సోసెకి షికి ఆఖరి ఉత్తరాన్ని పూర్తిగా అందులో పెట్టాడు. రాయలేకపోయినందుకు బాధపడుతూ, ఈ పుస్తకాన్ని సమాధిలో ఉన్న స్నేహితుడికి కానుకగా ఇస్తున్నానన్నాడు. బదులు రాయని ఉత్తరానికి ఒక నవల బదులయింది.

◆ ఆ నవలే ‘వగహాయి వా నెకో దె అరు’. అంటే ‘నేను పిల్లిని’ అని. కాకపోతే ఆ ‘నేను’ మామూలు నేను కాదు, దర్బారులో పెద్దమనిషి తనను తాను చెప్పుకునే దర్జా ఉన్న ‘నేను’. లండన్ నుంచి తిరిగొచ్చాక సోసెకి టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు సాహిత్యం చెబుతున్నాడు, మనసేమో కుదుటపడలేదు. యమకాయికి ఏదైనా రాసుకురండి అని క్యోషి అడిగాడు. 1904లో ఇంటికి చేరిన ఒక అనాథ పిల్లి నోటితో మాట్లాడిస్తూ సోసెకి ఒక ముక్క రాశాడు. డిసెంబరు కూటమిలో క్యోషి దాన్ని చదివి వినిపిస్తే అందరూ మెచ్చుకున్నారు. పేరు ‘పిల్లి చరిత్ర’ అని పెట్టాలా, తొలి వాక్యాన్నే పేరుగా ఉంచాలా అని సోసెకి ఊగిసలాడుతుంటే, తొలి వాక్యమే పెట్టండని తేల్చింది క్యోషి. అక్కడక్కడా కత్తిరింపులు సూచించిందీ ఆయనే.

1905 జనవరి సంచికలో ఆ ముక్క వచ్చింది. ఒక్కసారితో అయిపోవాల్సింది. పాఠకులు ఊరుకోలేదు. 1906 ఆగస్టు దాకా సాగి 11 అధ్యాయాలైంది. అడగని ఉద్యోగమేదో వెతుక్కుంటూ వచ్చినట్టు, 37 ఏళ్ల వయసులో సోసెకి నవలా రచయిత అయ్యాడు. రెండేళ్లలో విశ్వవిద్యాలయం వదిలి ‘అసాహి’ దినపత్రికలో నవలలు రాసే ఉద్యోగంలో చేరిపోయాడు.

కథలో పిల్లికి పేరు లేదు. ఇంట్లో పిల్లికీ ఆఖరి దాకా పేరు పెట్టలేదు. 1908 సెప్టెంబరులో అది చనిపోతే, సోసెకి నల్ల అంచు గీసిన కార్డుల మీద స్నేహితులకు మరణవార్త పంపాడు. తాను ‘సన్‌షిరో’ నవల రాస్తూ ఉన్నాడు గనుక అంత్యక్రియలకు ఎవరూ రానక్కర్లేదని కూడా రాశాడు.

◆ 1906 ఏప్రిల్ సంచిక చేతికందినవాళ్లు అదృష్టవంతులు. పిల్లి నవలలో పదో అధ్యాయం ఉంది, దాంతో పాటు ‘బొచ్చన్’ నవల మొత్తం ఉంది. టోక్యో కుర్రాడు ఒకడు మారుమూల ఊరికి బడిపంతులుగా వెళ్లి పడే అగచాట్లే ఆ నవల. ఊరు పేరు చెప్పకపోయినా అది మత్సుయామాయేనని అందరికీ అర్థమైంది. ఊరివాళ్ల మాటల్లో యాస సరిగా పలకాలి కదా! ఆ యాస పుట్టుకతో వచ్చిన క్యోషి రాతప్రతిలో దాన్ని సరిదిద్దాడు. ఊరిని ఎంత వెక్కిరించినా మత్సుయామా వాళ్లకు ఆ పుస్తకం మీద కోపం లేదు. ఇవాళ ఆ ఊళ్లో బొచ్చన్ రైలు ఉంది, బొచ్చన్ క్రీడా మైదానం ఉంది, మూడు రంగుల బొచ్చన్ ఉండ్రాళ్లు పుల్లకు గుచ్చి అమ్ముతారు.

◆ పాల వ్యాపారి, భౌతిక శాస్త్రవేత్త, ఓ గృహిణి. హొతొతొగిసు వచనానికి ఎవరెవరు ఒరవడి పెట్టారో చూడండి. ఇతో సచియో టోక్యోలో ఆవులు పెట్టుకుని పాలమ్మేవాడు. 1906 జనవరి సంచికలో అతని ‘అడవి చేమంతుల సమాధి’ వచ్చింది, చిన్ననాటి ప్రేమ కథ, ఇప్పటికీ కన్నీళ్లు పెట్టిస్తుంది. తెరదా తొరహికో సోసెకి దగ్గర చదువుకున్నవాడు, తర్వాత ఎక్స్‌రే కిరణాలు స్ఫటికాల్లోంచి ఎలా చెదురుతాయో పరిశోధించాడు. పోయిన భార్య జ్ఞాపకాలతో అతను రాసిన చిన్న రచన ఒకటి 1905లో ఇక్కడే వచ్చింది. నొగామి యాయెకో తొలి కథ 1907లో ఇందులో వెలువడింది. ఆమె 1985లో, నిండు నూరేళ్లకు కొద్ది వారాల ముందు పోయే దాకా కలం వదల్లేదు.

◆ ‘హొతొతొగిసు’ అనే నవల కూడా ఒకటి ఉంది. తొకుతొమి రొకా రాసింది, అందులో నాయికకు కూడా క్షయే. పత్రిక టోక్యో చేరిన రోజుల్లోనే ధారావాహికగా వచ్చి దేశాన్ని ఏడిపించింది. పత్రికతో దానికి సంబంధం లేదు. పిట్టా జబ్బూ మాత్రం ఒకటే.

◆ షికి వర్ధంతికి నేతిబీర పేరు పెట్టారు. నేతిబీర తీగను కోసి సీసాలో పెడితే కారే నీరు కఫానికి మందని జపాన్‌లో వాడేవారు. అందుకోసమే షికి పెరట్లో నేతిబీర పందిరి వేశారు. 1902 సెప్టెంబరు 18 పొద్దున, చెల్లెలు రిత్సు కాగితం అంటించిన పలకను ఎదురుగా పట్టుకుంది. శిష్యుడు హెకిగొతో కుంచెను సిరాలో ముంచి చేతికిచ్చాడు. మాట రాని షికి మధ్యమధ్య ఆగి దగ్గుకుంటూ మూడు హైకూలు రాశాడు. మూడూ నేతిబీర మీదే. ఆ రాత్రి దాటగానే ప్రాణం పోయింది. 34 ఏళ్లు. కబురు చెప్పడానికి క్యోషి అర్ధరాత్రి వెన్నెల్లో వీధిలోకి నడిచాడు.

◆ పత్రికలో ‘వంటింటి పద్యాలు’ అనే శీర్షిక ఉండేది. 1916లో క్యోషి మొదలుపెట్టాడు, ఆడవాళ్ల కోసం. గిన్నెలు, పొయ్యి, కూరగాయలు, ఇవే వస్తువులు. ఆడవాళ్లను వంటింటికే కట్టేయడం కాదా అని ఇవాళ మనం అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అంతవరకూ హైకూ కూటముల్లో మగవాళ్లదే రాజ్యం. వంటింటి తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్లు వంటింట్లో ఆగలేదు. క్యోషి నెలనెలా పాఠకుల హైకూలు ఎంచి వేసే ప్రధాన శీర్షికలో తొలి స్థానం దక్కడమంటే కవులకు పండగ. ఒక్క పద్యం అచ్చయితే చాలని ఎదురుచూసేవాళ్లు దేశమంతా ఉండేవారు. 1920లో ఆ తొలి స్థానం మొదటిసారి ఒక స్త్రీకి దక్కింది, ఆమె తకెషితా షిజునోజో. వేసవి రాత్రి పాల కోసం గుక్కపట్టి ఏడ్చే పసిబిడ్డ, నిద్ర లేని తల్లి విసుగు, అదీ ఆమె పద్యం. తల్లి కూడా విసిగిపోతుందని హైకూలో చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

◆ ఇదే పత్రిక తన గొప్ప కవయిత్రిని గెంటేసింది. సుగితా హిసాజో 1890లో పుట్టింది, చిత్రలేఖనం నేర్పే మాస్టారి భార్య, క్యుషు దీవిలో కొకురా అనే ఊళ్లో కాపురం. వంటింటి పద్యాల శీర్షికలోనే ఆమె పేరు మొదట కనిపించింది. క్యోషిని గురువుగా కొలిచింది. 1931లో వార్తాపత్రికలు జపాన్‌లోని సుందర ప్రదేశాల మీద హైకూ పోటీ పెడితే లక్షకు పైగా పద్యాలు వచ్చాయి, ఎంపిక చేసింది క్యోషి. హికో కొండ మీద హిసాజో రాసిన పద్యానికి బంగారు బహుమతి వచ్చింది. ఆ పద్యంలో కొండంతా ప్రతిధ్వనించేలా కూసే పిట్ట హొతొతొగిసే.

మరుసటి ఏడు ఆమె సొంతంగా ఒక చిన్న పత్రిక తెచ్చింది, అయిదు సంచికలకే ఆగింది. తన పద్యాలను పుస్తకంగా వేసుకోవాలని, దానికి గురువు ముందుమాట రాయాలని ఎంతగానో కోరుకుంది. క్యోషి రాయలేదు. 1936 అక్టోబరు సంచికలో చిన్న ప్రకటన. ముగ్గురిని సభ్యత్వం నుంచి తొలగించామని. అందులో హిసాజో పేరు ఉంది, కారణం లేదు. కారణం గురించి నాటి నుంచీ రకరకాల మాటలు వినబడుతున్నాయి. ఏ కారణమైనా సరే, ఇరవై ఏళ్లు ఒక చోటునే నమ్ముకున్న మనిషికి అచ్చులో తన పేరు అలా కనబడటం ఎలా ఉంటుందో ఆలోచిస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. షికి తలుపుకు గాజు బిగించిన క్యోషి, సోసెకి చేత కలం పట్టించిన క్యోషి, ఇక్కడ మాత్రం నాకు అర్థం కాడు. ఆయన్ని సమర్థించలేను. యుద్ధం ముగిసి తిండి దొరకని రోజుల్లో, 1946 జనవరిలో, హిసాజో ఆస్పత్రిలో చనిపోయింది. 1952లో ఆమె కూతురి పూనికతో హిసాజో హైకూ సంపుటం వెలువడింది. దానికి ముందుమాట రాసింది క్యోషి.

◆ షికి ఇల్లు 1945 బాంబు దాడుల్లో కాలిపోయింది. రాతప్రతులు దాచిన కొట్టు మిగిలింది. శిష్యులు అదే చోట అలాంటి ఇల్లే మళ్లీ కట్టారు. గాజు తలుపు ఉంది, పెరడు ఉంది, పందిరి మీద నేతిబీర ఉంది.

◆ క్యోషి 1951లో పత్రిక బాధ్యతను కొడుక్కి అప్పగించాడు, తర్వాత అది మనవరాలికి, ఆమె నుంచి ఆమె కొడుక్కి చేరింది. 1980లో వెయ్యో సంచిక వచ్చింది. 2021 డిసెంబరుతో 1500 నిండాయి. మత్సుయామా వీధుల్లో, ట్రాముల్లో హైకూలు రాసి వేసే డబ్బాలు కనిపిస్తాయి. దారిన పోయేవాళ్లు ఎవరైనా రాసి వేయొచ్చు, మంచివి ఎంచి ప్రకటిస్తారు. ఇక ఆ తొలి 300 ప్రతులు వేసిన క్యొకుదో సంగతి. అతను షికి పుట్టిన ఏడే, 1867లోనే పుట్టాడు. చనిపోయింది 1957లో. తాను మొదలుపెట్టిన పత్రికకు 60 ఏళ్లు నిండడం కళ్లారా చూశాడు.